మట్టి పంపితే డీఎన్‌ఏ చదివిచ్చే సర్వీసు: ల్యాబుకు దండం, రిపోర్టుకో దండం

నేల జీవావరణం మీద పని చేసేదాన్ని నేను. ఒకప్పుడు సాగులో ఉండి, వదిలేశాక చెట్లు మళ్లీ అల్లుకున్న నేలనీ, దాన్ని ఆనుకుని ఇప్పటికీ దున్నుతున్న నేలనీ పోల్చి చూడటం ప్రస్తుతం నా పని. చెట్లు తిరిగొచ్చాయి సరే, కింద మట్టిలో ఉండాల్సినవాళ్లు కూడా తిరిగొచ్చారా అన్నది ప్రశ్న. మాకు సొంత సీక్వెన్సర్, అంటే డీఎన్‌ఏ అక్షరాలు చదివే యంత్రం, లేదు. అందుకని ట్యూబులు పంపించి, మనం మట్టి నింపి పంపితే డీఎన్‌ఏ తీసి, చదివి, ఫలితాలు చేతిలో పెట్టే సర్వీసు ఒకటి వాడాను. బాక్టీరియా, ఆర్కియాలకు (బాక్టీరియాలా కనిపించినా వేరే శాఖకు చెందిన సూక్ష్మజీవులు) ఒక ఆర్డరు, శిలీంధ్రాలకు ఒకటి, వానపాములు, నెమటోడ్ల వంటి నేల జంతువుల కోసం ‘పర్యావరణ డీఎన్‌ఏ’ పేరుతో ఇంకొకటి.

కంపెనీ పేరు రాయను. ఈ రంగంలో సర్వీసులన్నీ ఇంచుమించు ఒకే తీరు. అవే కిట్లు, అవే ప్రైమర్లు (డీఎన్‌ఏలో చదవాల్సిన చోటును పట్టుకునే చిన్న ముక్కలు), అలాంటి రిపోర్టులే. ఎవరి దగ్గర ఆర్డరు పెట్టినా ఇక్కడ చెప్పేది పనికొస్తుంది. నా తీర్పు ముందే చెప్పేస్తా: ల్యాబు పని బ్రహ్మాండం, ముడి డేటా నమ్మదగ్గది. దాని మీద తయారుచేసి పంపిన రంగురంగుల రిపోర్టు చదవకపోతే నష్టం లేదు, చదివితేనే నష్టం.

ముందు పెట్టె సంగతి. విప్పితే ట్యూబులు, చేతి తొడుగులు, విడివిడిగా ప్యాక్ చేసిన స్టెరైల్ చెంచాలు, బార్‌కోడ్ స్టిక్కర్లు ఉన్నాయి. ట్యూబుల్లో డీఎన్‌ఏ పాడవకుండా కాపాడే ద్రావణం ముందే పోసి ఉంది. ఇది నాకు బాగా నచ్చింది. మట్టిని ఐసులో పెట్టుకుని పరుగులు తీయక్కర్లేదు. ద్రావణంలో పడ్డాక సూక్ష్మజీవులు పెరగడం, చావడం, ఒకదాన్నొకటి తినడం అక్కడికి ఆగిపోతాయి. స్టిక్కర్లు మాత్రం నాసిరకం. తొడుగుల మీది ఆల్కహాల్ తడి తగిలితే చాలు, అంచు లేచిపోతుంది. ట్యూబు పక్కన గరుకుగా ఉండే తెల్లటి పట్టీ మీద పెన్సిల్‌తో కూడా నంబరు రాసి పెట్టుకోండి. మార్కర్ రాత ఆల్కహాల్‌కి కరిగిపోతుంది, పెన్సిల్ రాత చెక్కుచెదరదు.

పెట్టెలో ఒక సూచనల కార్డు ఉంటుంది. ‘చెంచాతో మట్టి తీసి వేయండి, మూత బిగించి ఊపండి’ అని బొమ్మలతో సహా. ఇంత సులువైతే ఇంకేం! ట్యూబులో వేయాల్సింది పావు గ్రాము. వేరు పక్కన ఉన్న మట్టికీ, దానికి రెండు సెంటీమీటర్ల అవతలి మట్టికీ పోలిక ఉండదు. ఒక చోట గీరిన పావు గ్రాము ఆ చోటు గురించే చెబుతుంది తప్ప మడి మొత్తం గురించి చెప్పదు. మడిలో చాలాచోట్ల గొట్టం దించి, పైన పది సెంటీమీటర్ల మట్టి తీసి, రాళ్లూ వేర్లూ ఏరి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, బాగా కలిపి, అందులోంచి పావు గ్రాము తీయాలి. ఇవేవీ కార్డులో లేవు. పనిముట్లను ఒక మడికీ ఇంకో మడికీ మధ్య ఆల్కహాల్‌తో తుడవమని మాత్రం ఉంది, అదీ తప్పే. ఆల్కహాల్ సూక్ష్మజీవిని చంపుతుంది గానీ దాని డీఎన్‌ఏ జల్లెడ మీదే ఉంటుంది. డీఎన్‌ఏ చెరిగిపోవాలంటే బ్లీచ్ పెట్టి, తర్వాత శుభ్రమైన నీళ్లతో కడగాలి. డీఎన్‌ఏ కంపెనీ వాళ్లే ఈ ముక్క రాయకపోతే ఎలా?

‘ఇంత హంగామా ఎందుకు, ప్లేటు మీద పెంచి లెక్కపెట్టకూడదా’ అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గ్రాము మట్టిలో వందకోట్ల దాకా బాక్టీరియా కణాలు ఉంటాయి. అగార్ ప్లేటు మీద కాలనీ కట్టేవి వాటిలో నూటికి ఒకటి లెక్కన ఉంటాయేమో. మైక్రోస్కోపు లెక్కకూ ప్లేటు లెక్కకూ ఇంత తేడా ఉండటాన్ని 1985లో స్టేలీ, కొనోప్కా ‘ప్లేటు లెక్కలో మహా వైరుధ్యం’ అన్నారు. 1990లో విగ్దిస్ టోర్స్‌విక్ బృందం నార్వే అడవి మట్టి నుంచి డీఎన్‌ఏ తీసి, దాని జంట పోగులు విడదీసి, అవి మళ్లీ జతకట్టడానికి ఎంతసేపు పడుతుందో కొలిచింది. అందులో దాదాపు 4000 వేర్వేరు జీనోములకు సరిపడా వైవిధ్యం తేలింది. అదే మట్టి నుంచి ప్లేట్ల మీద పెంచిన బాక్టీరియాలో కనిపించిన వైవిధ్యం అందులో ఎన్నో వంతు కూడా కాదు. అప్పటికి సీక్వెన్సింగ్ యంత్రాలు ఈ స్థాయిలో లేనే లేవు. నాకు ఈ రంగంలో అన్నిటికంటే అందంగా అనిపించే ప్రయోగం అదే.

డీఎన్‌ఏ తీయడానికి ఈ సర్వీసు వాడేది పవర్‌సాయిల్ ప్రో కిట్. మొదట మోబయో అనే సంస్థ తెచ్చిన పవర్‌సాయిల్ వరస ఇది, తర్వాత ఆ సంస్థను కియాజెన్ కొనేసింది. ఇందులో పావు గ్రాము మట్టిని గట్టి పూసలతో కలిపి వేగంగా అదరగొడితే కణాల గోడలు పగులుతాయి. దళసరి గోడలుండే గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా, శిలీంధ్రాల బీజాలు మామూలు డిటర్జెంట్‌కు లొంగవు, వాటికి ఈ బాదుడే మందు. తర్వాత అసలు తలనొప్పి వస్తుంది, హ్యూమిక్ ఆమ్లాలు. ఆకులు కుళ్లి తయారైన ఈ ముదురు గోధుమరంగు పదార్థాలు డీఎన్‌ఏ వెంటే వచ్చేసి పీసీఆర్‌లో, అంటే చదవాల్సిన ముక్కకు కోట్ల ప్రతులు తీసే పనిలో, ఎంజైమును పనిచేయనివ్వవు. కిట్‌లో వీటిని దించేసే ద్రావణం ఉంటుంది, చాలావరకు దించేస్తుంది కూడా.

చాలావరకు అన్నాను. మా అడవి మడిలో, అంటే చెట్లు తిరిగొచ్చిన నేలలో, ఆకుచెత్త కింది మట్టి నల్లగా, చేత్తో పిండితే నీళ్లు కారేలా ఉంటుంది. ఆ శాంపిళ్ల డీఎన్‌ఏ పలుచటి టీ డికాషన్ రంగులో వచ్చిందట. ల్యాబు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది.

“మేడమ్, మీ నల్లమట్టి శాంపిల్స్‌లో పీసీఆర్ రావడం లేదండీ. డీఎన్‌ఏ బోలెడుంది. పదింతలు పలుచన చేసి మళ్లీ పెట్టమంటారా, లేక మళ్లీ తీయమంటారా?”

“ముందు పలుచన చేసి చూడండమ్మా. వస్తే మిగతా అన్ని శాంపిళ్లకూ అదే పలుచన పెట్టండి, తేడా ఉండకూడదు.”

“అలాగే మేడమ్, నేనూ అదే అడుగుదామనుకున్నా.”

పలుచన చేశాక పీసీఆర్ పనిచేసిందని చూపే బ్యాండ్ స్పష్టంగా వచ్చింది. డీఎన్‌ఏ పదోవంతు అయినా, అడ్డుపడే హ్యూమిక్ కూడా పదోవంతే కాబట్టి ఎంజైము ఊపిరి పీల్చుకుంది. నేను ఈ సర్వీసుకు మార్కులు వేసింది ఇక్కడే. చాలాచోట్ల ‘శాంపిల్ ఫెయిల్’ అని ఒక ఈమెయిల్ పడేసి ఊరుకుంటారు. ఈ అమ్మాయికి మట్టి తెలుసు.

డీఎన్‌ఏ ఎంతుందో కొలిచే పరికరాలు రెండు, నానోడ్రాప్, క్యూబిట్. ప్రతి ట్యూబుకూ రెంటి అంకెలూ ఇచ్చారు. నానోడ్రాప్ ఒక్కటే ఇచ్చే సర్వీసు అయితే మట్టి విషయంలో నమ్మకండి. అది అతినీలలోహిత కాంతిని ఎంత పీల్చుకుందో చూసి లెక్క కడుతుంది, హ్యూమిక్ ఆమ్లాలు కూడా ఆ కాంతిని పీలుస్తాయి కాబట్టి లేని డీఎన్‌ఏ ఉన్నట్టు చూపిస్తుంది. క్యూబిట్‌లో వాడే రంగు డీఎన్‌ఏకు అంటుకుంటేనే వెలుగుతుంది. రెంటి మధ్య తేడా ఎంత ఎక్కువుంటే మట్టిలో అంత చెత్త ఉన్నట్టు. 260, 230 నానోమీటర్ల దగ్గర పీల్చుకున్న కాంతుల నిష్పత్తి 2 దగ్గర ఉంటే శుభ్రం. మా నల్లమట్టిలో అది 1 కూడా దాటలేదు. ఆ పట్టిక చూస్తేనే ఫోన్ ఎందుకొచ్చిందో అర్థమైపోతుంది.

ఇక ఖాళీ ట్యూబులు. మట్టి వేయకుండా, కిట్ రసాయనాలతోనే మొదటి నుంచి చివరిదాకా నడిపే ట్యూబు అన్నమాట. 2014లో సాల్టర్ బృందం చూపించిన దాని ప్రకారం కిట్ రసాయనాల్లోనే బాక్టీరియా డీఎన్‌ఏ ఉంటుంది. శాంపిల్‌లో డీఎన్‌ఏ తక్కువగా ఉంటే ఫలితాన్ని ఆ కలుషితమే ఏలేస్తుంది. నాకు మొదట పంపిన ఫైళ్లలో ఖాళీ ట్యూబుల డేటా లేదు. అడిగితే ‘అది మా అంతర్గత నాణ్యత పరీక్ష’ అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ డేటా లేకుండా నా ఫలితాలను ఎవరి ముందు పెట్టను? రెండు ఈమెయిళ్ల తర్వాత పంపారు. తెరిచి చూస్తే రాల్‌స్టోనియా, సూడోమోనాస్, బ్రాడీరైజోబియం అనే బాక్టీరియాలు ఉన్నాయి. మొదటిది కిట్లలో పాత చుట్టమే. చిక్కంతా బ్రాడీరైజోబియంతో. అది కిట్ కలుషితాల పట్టికలోనూ ఉంది, నిజమైన అడవి నేలలోనూ బోలెడు ఉంటుంది. పేరు చూసి కొట్టేస్తే నేల జీవి పోతుంది, వదిలేస్తే కలుషితం మిగులుతుంది. అందుకే పేరు కాకుండా అసలు సీక్వెన్స్ చూడాలి. ఖాళీ ట్యూబులో ఉన్న బ్రాడీరైజోబియం సీక్వెన్స్ వేరు, నా అడవి శాంపిళ్లలో ఎక్కువగా ఉన్నది వేరు. ఒకటి తీసేశాను, ఒకటి ఉంచాను. పైమట్టిలో డీఎన్‌ఏ దండిగా ఉంటుంది కాబట్టి ఈ గొడవ పెద్దగా అంటదు. మీటరు లోతు మట్టి పంపేవాళ్లు మాత్రం ఖాళీ ట్యూబుల డేటా ఇస్తామని రాతపూర్వకంగా చెప్పించుకోకుండా ఆర్డరు పెట్టొద్దు.

తెలిసిన సూక్ష్మజీవులను తెలిసిన మోతాదులో కలిపిన నమూనా, అంటే జైమోబయోమిక్స్ ప్రామాణిక మిశ్రమం కూడా మా శాంపిళ్లతో పాటే నడిపారు. అందులో ఉండేవి 8 బాక్టీరియాలు, 2 ఈస్టులు. బాక్టీరియాలు ఎనిమిదీ వచ్చాయి, కలపని తొమ్మిదోది ఏదీ రాలేదు. ఇలాంటివి రిపోర్టు మొదటి పేజీలో గొప్పగా చెప్పుకోవాల్సింది పోయి అనుబంధంలో ఎక్కడో దాచారు.

ప్రైమర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బాక్టీరియా, ఆర్కియాలను గుర్తుపట్టేది 16ఎస్ జన్యువుతో. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ ఆర్కియా అనే శాఖ ఒకటి వేరుగా ఉందని తేల్చింది ఈ 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ చూసే. జన్యువు పొడవు దాదాపు 1500 అక్షరాలు, మారుతూ ఉండే భాగాలు తొమ్మిది. ఈ సర్వీసు చదివేది నాలుగోది, వీ4, ఓ 250 అక్షరాల ముక్క. దీనికి 515ఎఫ్, 806ఆర్ అనే ప్రైమర్ల జత వాడతారు. ఇందులో పాత కూర్పు, కొత్త కూర్పు ఉన్నాయి. పాత 515ఎఫ్ థామార్కియోటా అనే ఆర్కియాను సరిగా పట్టుకోదు. సముద్రం మీద పని చేసేవాళ్ల సంగతేమో గానీ నేలవాళ్లకు ఇది చావుదెబ్బ. నేలలో అమోనియాను నైట్రైట్‌గా మార్చే పనిలో బాక్టీరియా కంటే ఈ ఆర్కియాల జన్యు ప్రతులే ఎక్కువని 2006లోనే తెలిసింది. నైట్రోజన్ చక్రం గురించి మాట్లాడుతూ వాటిని వదిలేస్తే ఇంకేం మాట్లాడినట్టు?

రిపోర్టులో ఏ కూర్పు వాడారో లేదు. ‘515ఎఫ్-806ఆర్’ అని రాసి వదిలేశారు. ముడి ఫైలు తెరిచాను. ప్రతి రీడ్ (యంత్రం చదివిన ఒక్కో ముక్క) మొదట్లో ప్రైమర్ అక్షరాలు ఇంకా కత్తిరించకుండా అలాగే ఉన్నాయి. పాత ప్రైమర్ జీటీజీసీ అని మొదలవుతుంది. కొత్తదాంట్లో నాలుగో అక్షరం సీ అయినా కావచ్చు, టీ అయినా కావచ్చు. రీడ్లు వరసగా చూసుకుంటూ పోతే కొన్నిట్లో జీటీజీసీ, కొన్నిట్లో జీటీజీటీ. అమ్మయ్య, కొత్తదే. ఒక వాక్యం రాసుంటే నాకు ఆ పూట మిగిలేది.

ఇప్పుడు రిపోర్టు. అట్ట మీద పచ్చటి మొలక బొమ్మ. లోపల ‘నేల ఆరోగ్య స్కోరు’ అని వందకు ఇన్ని మార్కులు. దున్నే మడికి ఎక్కువ మార్కులొచ్చాయి, అడవి మడికి తక్కువ. లెక్క ఎలా కట్టారో ఎక్కడా రాయలేదు, అడిగితే ‘మా సొంత అల్గారిథం’ అన్నారు. అందులో పెద్ద వాటా జాతుల సంఖ్యదేనని అంకెలు అటూ ఇటూ కలిపి చూస్తే తెలిసిపోయింది. మా దున్నే మడికి సున్నం వేస్తారు, పీహెచ్ 7 దగ్గర ఉంటుంది. అడవి మడి ఆమ్లం. ఫియరర్, జాక్సన్ 2006లో ఉత్తర, దక్షిణ అమెరికాల నుంచి తెచ్చిన 98 మట్టి శాంపిళ్లు పోల్చి, బాక్టీరియా వైవిధ్యాన్ని అన్నిటికంటే బాగా నిర్ణయించేది పీహెచ్ అనీ, తటస్థ నేలల్లో వైవిధ్యం ఎక్కువ, ఆమ్ల నేలల్లో తక్కువ అనీ చూపించారు. అంటే ఈ స్కోరు ఆరోగ్యాన్ని కొలవలేదు, మడికి వేసిన సున్నం ప్రభావాన్ని కొలిచింది. పీహెచ్ కాగితంతో అయిపోయే పనికి సీక్వెన్సర్ నడిపారు. ఈ రిపోర్టు పట్టుకుని ఎవరైనా ‘అడవి కంటే పొలమే ఆరోగ్యంగా ఉంది’ అని ఎక్కడైనా చెబితే ఆపేవాళ్లెవరు?

ఇంకో పేజీలో ‘హానికర జీవులు’ అని ఎర్ర పెట్టె. అందులో బాసిల్లస్ ఆంత్రాసిస్. చదివి నాతో పని చేసే రీసెర్చ్ స్కాలర్ ముఖం పాలిపోయింది. ఆంత్రాక్స్ కలిగించేదీ, నేలలో ఎక్కడ పడితే అక్కడ ఉండే బాసిల్లస్ సెరియస్, పురుగుమందుగా వాడే బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇవన్నీ 16ఎస్ జన్యువులో దాదాపు ఒకటే. వీ4 ముక్క చూసి వీటిని విడదీయడం ఎవరివల్లా కాదు. సాఫ్ట్‌వేర్‌కు సరిపోయిన పేర్లలో ఒకటి తీసి రాసేసింది, మనిషెవరూ చూడకుండానే రిపోర్టు బయటికొచ్చింది. ఈ ముక్క రాసి పంపితే ఎర్ర పెట్టె తీసేసి కొత్త కాపీ పంపారు. నాది తీసేశారు సరే, మిగతా కస్టమర్ల సంగతో?

చిన్నాచితకా చాలా ఉన్నాయి. బొమ్మలో ప్రోటియోబాక్టీరియా అనీ, పట్టికలో స్యూడోమోనాడోటా అనీ రాసి రెంటినీ వేరు గుంపుల్లా చూపించారు. 2021లో ఫైలమ్‌ల (పెద్ద గుంపుల) పేర్లు మారాయి, అవి రెండూ ఒకటే. ఆకుచెత్త మట్టిలో ‘సయనోబాక్టీరియా’ బాగా ఉన్నాయన్నారు. అవి ఆకుముక్కల్లోని క్లోరోప్లాస్టులు. డేటాబేసులో వాటిని సయనోబాక్టీరియా కిందే పెడతారు, మనమే ఏరి పారేయాలి. శిలీంధ్రాల పేజీలో పంట మడికి ‘మైకోరైజా (వేళ్లతో జతకట్టి బతికే శిలీంధ్రాలు) అతి తక్కువ’ అని హెచ్చరిక. వాళ్లు చదివింది శిలీంధ్రాల డీఎన్‌ఏలో ఐటీఎస్ అనే భాగం. శిలీంధ్రాలకు 2012 నుంచి అధికారిక బార్‌కోడ్ అదే, అడవి చెట్ల వేళ్ల మీది ఎక్టోమైకోరైజాకు బాగానే పనిచేస్తుంది కూడా. పంటల వేళ్ల లోపల ఉండే ఆర్బస్క్యులర్ రకాన్ని మాత్రం ఐటీఎస్ సరిగా పట్టుకోదు, దానికి 18ఎస్ జన్యువు చదవాలి. తక్కువగా ఉన్నది మైకోరైజా కాదు, దాన్ని చూసే కన్ను.

శాతాల విషయానికొస్తే, రిపోర్టంతా శాతాలే. అడవి మడిలో ఆసిడోబాక్టీరియా వాటా పొలంతో పోలిస్తే బాగా ఎక్కువని వచ్చింది. సీక్వెన్సర్ ఇచ్చేది వాటాలే కాబట్టి ఒకటి తగ్గినా రెండోది పెరిగినట్టే కనిపిస్తుంది. గ్రాము మట్టికి 16ఎస్ ప్రతులు ఎన్నో చెప్పే క్యూపీసీఆర్ ఈ సర్వీసులోనే విడిగా ఆర్డరు పెట్టుకోవచ్చు. తప్పకుండా పెట్టండి. అది కలిపి చూస్తే మా అడవిలో ఆసిడోబాక్టీరియా పెరిగింది తక్కువే, మిగతావి తగ్గింది ఎక్కువ. దీనికి తోడు ప్రతుల గొడవ. ఈ.కొలై జీనోములో 16ఎస్ ప్రతులు 7, బాసిల్లస్ సబ్టిలిస్‌లో 10, నిదానంగా పెరిగే చాలా నేల బాక్టీరియాలో ఒకటో రెండో. కాబట్టి క్యూపీసీఆర్ అంకెను కూడా కణాల సంఖ్య అనుకోకూడదు.

ఇక బతికున్నవెన్ని, చచ్చినవెన్ని? రిపోర్టుకు ఈ ప్రశ్నే తట్టలేదు. కణం చచ్చి పగిలాక కూడా దాని డీఎన్‌ఏ బంకమన్ను రేణువులకు అంటుకుని నిలిచిపోతుంది. 2016లో కరీనీ బృందం చూసిన నేలల్లో సగటున 40 శాతం డీఎన్‌ఏ బతికున్న కణాలది కాదు. మా పాత సాగు నేలలో నాకు కావాల్సింది ‘ఇప్పుడు ఎవరున్నారు’ అన్నది. అందులో ‘అప్పుడు ఎవరుండేవారు’ కూడా కలిసి వస్తోంది. ప్రొపిడియం మోనోఅజైడ్ అనే రంగుతో ముందే కడిగితే బయటి డీఎన్‌ఏ చదవడానికి పనికిరాకుండా పోతుంది. ఈ సర్వీసులో ఆ సదుపాయం లేదు, పైగా ద్రావణం ముందే పోసిన ట్యూబులో ఆ పని చేయడం కుదరదు కూడా.

మూడో ఆర్డరు, నేల జంతువులది, పూర్తిగా దండగ. ఇది ల్యాబు తప్పు కాదు, అమ్మిన విధానం తప్పు. అదే పావు గ్రాము ట్యూబుతో బాక్టీరియా నుంచి వానపాముల దాకా అన్నీ చెబుతామన్నారు. బాక్టీరియాకు పావు గ్రాము పెద్ద ప్రపంచం. వానపాము ఆ పావు గ్రాములో పాకి ఉంటేనే దాని డీఎన్‌ఏ దొరికేది. జల్లెడ పడుతుంటే చేత్తో ఏరి పక్కన పెట్టిన వానపాముల జాతులు కూడా నా ఫలితాల్లో సగం మడుల్లో కనిపించలేదు. ఇలాంటి పనికి తాబెర్లే బృందం 2012లో చెప్పిన దారి ఉంది: 15 గ్రాముల మట్టిని ఫాస్ఫేట్ ద్రావణంలో పావుగంట కలిపితే రేణువులకు అంటుకున్న బయటి డీఎన్‌ఏ ఊడి నీళ్లలోకి వస్తుంది, ఆ నీళ్లనే మామూలు కిట్‌లో వేసుకోవచ్చు. ఫ్రీజరూ పెద్ద యంత్రాలూ లేకుండా మైదానంలోనే చేసుకోగలిగే పని అది.

బంకమన్నుకు అంటుకునే ఈ గుణమే ఒక చోట పీడ, ఇంకోచోట వరం. 2003లో విల్లర్‌స్లెవ్ బృందం సైబీరియా గడ్డకట్టిన నేల నుంచి మామత్ డీఎన్‌ఏ తీసింది ఎముక లేకుండా, ఉత్త మట్టి నుంచే. 2022లో ఉత్తర గ్రీన్‌లాండ్‌లోని కాప్ కోబెన్‌హాన్ మట్టి పొరల నుంచి దాదాపు 20 లక్షల ఏళ్ల నాటి డీఎన్‌ఏ చదివారు, అందులో ఏనుగుల పాత చుట్టం మాస్టడాన్ కూడా ఉంది. ఈ వార్తలు చూసి కాబోలు, మా సర్వీసు బ్రోషర్‌లోనూ ఏనుగు బొమ్మ వేశారు. గడ్డకట్టిన చలిలో వేల, లక్షల ఏళ్లు నిలిచిన డీఎన్‌ఏకూ, తడీ వేడీ ఉండి సూక్ష్మజీవులు కసిగా నమిలేసే మామూలు నేలకూ సంబంధం లేదని ఎవరు చెప్పాలి వాళ్లకి?

ముడి డేటా దగ్గరికి వస్తే నా గొంతు మారుతుంది. ప్రతి శాంపిల్‌కూ రెండు వైపుల ఫైళ్లు, ప్రతి ఫైలుకూ ఎండీ5 అంకె, దిగుమతిలో ఏదైనా పాడైతే వెంటనే తెలిసేలా. శాంపిళ్ల పేర్లు నేనిచ్చినవే. రీడ్ల సంఖ్య ఒక మట్టికి ఇంకో మట్టికి మరీ తేడా లేకుండా సమంగా వచ్చింది. నాణ్యత గ్రాఫులు చివర్లో తప్ప ఎక్కడా కిందికి జారలేదు. ఇలాంటి డేటాను విశ్లేషించే సాఫ్ట్‌వేర్ క్వైమ్2లో డాడా2 పెట్టి అంతా మొదటి నుంచి నేనే చేసుకున్నాను. వాళ్లు 97 శాతం పోలికతో గుంపులు కట్టారు, నేను ఒక్కో అక్షరం తేడాను కూడా వేరుగా చూశాను. అడవి మడిలో ఒకే గుంపుగా కనిపించిన వెర్రుకోమైక్రోబియా అనే బాక్టీరియా నా లెక్కలో విడిపోయింది: ఒక రకం ఆకుచెత్త కిందే ఉంది, ఇంకోటి దున్నే మడిలోనూ ఉంది. నా ప్రశ్నకు మొదటి జవాబు అక్కడ దొరికింది. రిపోర్టు దాన్ని చెరిపేసింది, డేటా భద్రంగా నిలిపి ఉంచింది.

డౌన్‌లోడ్ లింకు నెల దాటితే పనిచేయదు, గుర్తుచేస్తూ ఈమెయిల్ కూడా రాదు. వచ్చిన రోజే దింపుకుని రెండుచోట్ల దాచుకోండి. శాంపిల్ తీసిన లోతు, పీహెచ్, తేమ, తేదీ రాసే పట్టిక వాళ్లు ఇచ్చేది మరీ చిన్నది. తర్వాత ఎన్‌సీబీఐ అనే బహిరంగ డేటా భాండాగారంలో పెట్టాలంటే, శాంపిల్ వివరాలకు ఉన్న మిక్స్ ప్రమాణం ప్రకారం అడిగే గడులు చాలా ఎక్కువ ఉంటాయి. వాటిని మట్టి తీస్తున్నప్పుడే నింపేయండి, తర్వాత ఎవరికీ గుర్తుండదు. గడువు విషయంలో వాళ్లు చెప్పిన దానికంటే ఆలస్యమైంది. యంత్రం ఒక విడత నిండేదాకా ఇతరుల శాంపిళ్ల కోసం ఆగుతారు, అది అన్నిచోట్లా ఉన్నదే.

రెండో విడత మట్టి వాళ్లకే పంపుతున్నాను. బాక్టీరియా, శిలీంధ్రాలు, క్యూపీసీఆర్ అంతే. జంతువులది నేనే ఫాస్ఫేట్‌తో చేసుకుంటా. ఆర్డరు ఫారంలో వ్యాఖ్యల గడిలో రాశాను: ప్రతి విడతకూ ఖాళీ ట్యూబు డేటా కావాలి, ప్రైమర్ అక్షరాలు పూర్తిగా రాసివ్వాలి, నల్లమట్టి శాంపిళ్లు మొదటే పదింతలు పలుచన చేయాలి, పీడీఎఫ్ రిపోర్టు వద్దు. అదే అమ్మాయి నుంచి జవాబు వచ్చింది. మొదటి మూడింటికీ సరే అంది. “పీడీఎఫ్ మాత్రం ఆపడానికి కుదరదు మేడమ్, సిస్టమ్ దానంతటదే పంపేస్తుంది. మీరు తెరవకుండా ఉంటే చాలండీ.”